మూడక్షరాల పొత్తు

గ్రీకు నాణేల కథ: 7వ భాగం

గత భాగంలో ఏథెన్స్ గుడ్లగూబ బొమ్మ నాణెం ఈజియన్ సముద్రమంతా ఎలా ఎగిరిందో చూశాం. తన చేతికింది నగరాలన్నీ తన వెండే చెలామణి చేయాలని, తన తూకాలూ కొలతలే వాడాలని ఏథెన్స్ శాసనం చేసింది. ఆ శాసనం చెక్కిన రాతి ముక్కలు ఎన్నో చోట్ల దొరికాయి. అంతటి ఏథెన్స్ క్రీ.పూ. 404లో స్పార్టాకు లొంగిపోయింది. కోటగోడలు కూల్చేశారు, ఓడల్లో పన్నెండు తప్ప మిగిలినవన్నీ తీసుకుపోయారు. ఆ పతనానికి కాస్త అటో ఇటో, ఈనాటి టర్కీ పడమటి తీరం వెంబడి, దానికి ఎదురుగా ఉన్న దీవుల్లో కొన్ని నగరాలు కలిసి ఒకే బొమ్మతో వెండి నాణేలు ముద్రించాయి. ఎవరిని నమ్మి కలిశాయో, ఎవరికి భయపడి కలిశాయో ఆనాటి చరిత్రకారుడెవరూ రాయలేదు. స్పార్టాతో సన్నిహితంగా మెలిగి, ఆ ఏళ్ల కథంతా రాసిన జెనొఫోన్ కూడా ఈ కూటమి ఊసెత్తలేదు. నాణేలు లేకపోతే అలాంటి కూటమి ఒకటి ఉండేదన్న సంగతే మనకు తెలిసేది కాదు.

బొమ్మ వైపు చూద్దాం. పసివాడు ఒకడు మోకాలిమీద ఒరిగి ఉన్నాడు. రెండు చేతుల్లోనూ రెండు పాములు, వాటి పీకలు బిగించి పట్టుకున్నాడు. వాడు హెరాక్లీస్. జ్యూస్ దేవుడికి మానవ స్త్రీ వల్ల పుట్టిన బిడ్డ కాబట్టి, జ్యూస్ భార్య హీరా ఈర్ష్యతో ఉయ్యాల్లోకి రెండు పాములను పంపిందనీ, పసివాడు వాటిని నలిపి చంపాడనీ గ్రీకుల కథ. బొమ్మ పక్కన మూడక్షరాలు ఉంటాయి: సిగ్మా, ఉప్సిలోన్, న్యూ. కలిపి చదివితే ‘సున్’. ‘సుమ్మఖికోన్’, అంటే కూటమి నాణెం అనే మాటకు అది పొడి రూపమని పండితులు ఒప్పుకున్నారు. అక్షరాలు మూడే అయినా అవి చాలా పెద్ద మాట చెబుతున్నాయి. గ్రీకు నాణెం మీద సాధారణంగా ఉండేది నగరం పేరు: ఇది ఎఫెసియన్లది, ఇది సామియన్లది అని. ఇక్కడ బొమ్మ వైపున ఏ ఊరి పేరూ లేదు, కూటమి పేరే ఉంది.

తిప్పి బొరుసు చూస్తే మాత్రం ఏ ఊరి నాణెం ఆ ఊరిదే. రోడ్స్ నాణెం మీద గులాబి పువ్వు. ఎఫెసస్ నాణెం మీద ఆర్టెమిస్ దేవికి ప్రీతిపాత్రమైన తేనెటీగ. సామోస్ నాణెం మీద ఎదురుగా చూస్తున్న సింహపు ముఖచర్మం. క్నిడస్ వాళ్లు తమ ఆఫ్రొడైటీ తలను ఉంచుకున్నారు, ఇయాసోస్ వాళ్లు అపోలో తలను. బైజాంటియం, అంటే నేటి ఇస్తాంబుల్, డాల్ఫిన్ మీద నిలబడ్డ ఆవును ముద్రించింది. సైజికస్ నాణెం మీద సింహపు తల, దాని కింద ట్యూనా చేప. ఆ ఊరి బతుకుతెరువుకు, ఆ ఊరి టంకశాలకు కూడా ఆ చేపే గుర్తు. లాంప్సకస్ బంగారు నాణేల మీదా ఇదే బాల హెరాక్లీస్ కనిపిస్తాడు.

పటం మీద ఈ ఊళ్లను గుర్తిస్తూ పోతే ఆశ్చర్యం వేస్తుంది. దక్షిణాన రోడ్స్ దీవి. ఉత్తరాన నల్లసముద్రం వాకిట్లో బైజాంటియం. మధ్యలో వందల మైళ్ల తీరం. ఈ నగరాలన్నీ ఒకే రకం కావు. రోడ్స్ అయితే అప్పుడే పుట్టిన నగరం. లిండోస్, ఇయాలిసోస్, కమైరోస్ అనే మూడు పాత పట్టణాలు క్రీ.పూ. 408 ప్రాంతంలో కలిసిపోయి దాన్ని కట్టుకున్నాయి. డోరియన్ గ్రీకులు కొందరు, అయోనియన్ గ్రీకులు కొందరు. ఇంతమంది ఒకే బొమ్మకు, ఒకే తూకానికి ఒప్పుకున్నారంటే ఎక్కడో ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉండాలి. బొమ్మ ఎలా ఉండాలో, వెండి ఎంత ఉండాలో, అక్షరాలు ఏవో తేల్చుకుని ఉండాలి. ఆ సమావేశం ఎక్కడ జరిగిందో తెలిపే రాత ఒక్కటీ లేదు.

తూకం విషయం కొంచెం ఆగి చూడాలి. నాణెం మీది బొమ్మను ఎవరైనా అనుకరించవచ్చు, తూకం ఒకటయిందంటే మాత్రం సంత ఒకటయిందని అర్థం. గ్రీకు నగరాల్లో ద్రాక్మా అన్న పేరు ఒకటే అయినా ద్రాక్మాలో వెండి ఊరికొకలా ఉండేది. ఏథెన్స్ ద్రాక్మా సుమారు 4.3 గ్రాములు. పెలొపొన్నీస్‌లో చెల్లే ఈజినా తూకపు ద్రాక్మా ఆరు గ్రాముల పైచిలుకు. రోడ్స్ వాడిన కియోస్ తూకంలో నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. మన కూటమి నాణెం సుమారు 11.4 గ్రాములు తూగుతుంది, అంటే మన పాత తులానికి కొద్దిగా తక్కువ. రోడ్స్ లెక్కలో అది మూడు ద్రాక్మాలు. ఈజినా లెక్కలో రెండు ద్రాక్మాలకు కొంచెం తగ్గుతుంది, కానీ చేతికి చేయి మారే చోట సర్దుకోగలిగినంత దగ్గర. తూర్పు తీరంలోనూ చెల్లాలి, స్పార్టా వైపు మనుషులకు ఇచ్చినా చెల్లాలి అనుకున్నవాళ్లు ఎంచుకునే తూకం ఇలాగే ఉంటుందని నా అభిప్రాయం. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఈ నాణేలను మొదట ఒకచోట చేర్చి, ఇవి ఒక కూటమి నాణేలని, దాని కాలం ఫలానా అని చెప్పినవాడు ఫ్రెంచి పండితుడు విలియం హెన్రీ వాడింగ్టన్. 1863లో ఆయన వ్యాసం వచ్చింది. ఆసియా మైనర్ అంతా తిరిగి శాసనాలు, నాణేలు సేకరించిన మనిషి. తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి 1879లో ఫ్రాన్స్ ప్రధానమంత్రి కూడా అయ్యాడు. ఆయన లెక్క ప్రకారం ఈ నాణేలు క్రీ.పూ. 394 తర్వాతివి.

ఆ ఏడాది ఏం జరిగిందంటే, ఏథెన్స్‌ను ఓడించిన స్పార్టా పదేళ్లు తిరక్కముందే తానే దొరతనం చలాయించసాగింది. గ్రీకులను విడిపిస్తామని వచ్చినవాళ్లు ఊరూరా సైనిక అధికారులను, తమకు నచ్చిన పదేసి మంది పెద్దమనుషుల పాలనను పెట్టారు. పర్షియా చక్రవర్తికీ స్పార్టాకూ చెడింది. పర్షియా సామంతుడు పంపిన బంగారం పట్టుకుని రోడ్స్ వాసి టిమొక్రటీస్ గ్రీసుకు వెళ్లి థీబ్స్, కొరింత్, ఆర్గోస్ నాయకులకు పంచిపెట్టాడు. పర్షియా బంగారు నాణెం మీద విలుకాడి బొమ్మ ఉండేది. ఆసియాలో యుద్ధం చేస్తున్న స్పార్టా రాజు అజెసిలావోస్‌ను స్వదేశానికి పిలిపించినప్పుడు, తనను వేల విలుకాళ్లు తరిమేశారని ఆయన అన్నట్టు ప్లూటార్క్ రాశాడు. 394 ఆగస్టులో క్నిడస్ ఎదుట సముద్రంలో పర్షియా ఓడలకు నాయకత్వం వహించి స్పార్టా నౌకాదళాన్ని ముంచినవాడు ఎవరో కాదు, ఏథెన్స్ సేనాని కొనోన్. స్పార్టా నౌకాధిపతి పైసాండర్ ఆ పోరులోనే చనిపోయాడు. తీర నగరాలు ఒక్కొక్కటే స్పార్టా దండును వెళ్లగొట్టాయి.

వాడింగ్టన్‌కు ఈ సందర్భం అచ్చంగా సరిపోయినట్టు తోచింది. విముక్తి పొందిన నగరాలు చేతులు కలిపి, దుష్టశక్తిని గొంతు నులిమి చంపిన బాలుడిని గుర్తుగా పెట్టుకున్నాయన్నమాట. పైగా ఆ బొమ్మ మొదట కనిపించేది థీబ్స్ నాణేల మీద. హెరాక్లీస్ పుట్టింది థీబ్స్‌లో. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే థీబ్స్ తన నాణెం మీద ఒకవైపు బియోషియా డాలు, రెండోవైపు పాములు పట్టిన పసివాణ్ని ముద్రించింది. స్పార్టాపై కత్తి దూసిన థీబ్స్ బొమ్మను ఈ నగరాలు అరువు తెచ్చుకోవడం అంటే, తామూ ఆ పక్షమేనని చాటడమే కదా! తర్వాత వందేళ్లపాటు పుస్తకాలన్నీ ఇదే చెప్పాయి. 20వ శతాబ్దంలో జార్జ్ కాక్‌వెల్ దీన్ని గట్టిగా సమర్థించాడు.

వినడానికి బాగానే ఉంది. ఊళ్ల జాబితా తీసి సరిచూస్తేనే చిక్కు. క్నిడస్ యుద్ధం తర్వాత కొనోన్ వైపు వెళ్లిన నగరాల పేర్లు తర్వాతి కాలపు చరిత్రకారుడు డయోడోరస్ ఇచ్చాడు: కోస్, నిసిరోస్, టియోస్, కియోస్, మితిలీనీ, ఎఫెసస్, ఎరిత్రై. ఇందులో మన కూటమి నాణెం ముద్రించింది ఎఫెసస్ ఒక్కటే. కోస్, కియోస్, మితిలీనీల పేర్లు కూటమి నాణేల మీద లేవు. మరోవైపు కూటమి నాణెం ఉన్న క్నిడస్ 391 నాటికి స్పార్టా ఓడలకు స్థావరం. ఎఫెసస్ కూడా 391కల్లా మళ్లీ స్పార్టా సేనలకు నిలయమైంది. బైజాంటియం ఏథెన్స్ సేనాని థ్రాసిబులస్ వచ్చి పాలన మార్చేదాకా, అంటే 390 ప్రాంతం దాకా, స్పార్టాకు ఎదురు తిరగలేదు. బైజాంటియం ఇటు వచ్చేసరికి ఎఫెసస్, క్నిడస్ స్పార్టా వైపు వెళ్లిపోయాయి. వీటన్నిటినీ ఒకే సమయంలో స్పార్టాకు ఎదురుగా నిలబెట్టడం ఎలా?

ఈ చిక్కును ఎత్తిచూపిన జె.ఎం. కుక్ 1961లో ప్రశ్నను తలకిందులు చేశాడు: ఈ కూటమి స్పార్టాకు వ్యతిరేకమని ఎందుకు అనుకోవాలి? స్పార్టా పక్షం వహించిన నగరాలే కలిసి 391–390 ప్రాంతంలో వీటిని ముద్రించి ఉండొచ్చు కదా! 1980లో స్టెఫాన్ కార్వీజె ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఈ నాణేలు 405–404 నాటివనీ, పాములను పట్టిన పసివాడి వెనక ఉన్నది లైసాండర్ అనీ వాదించాడు.

లైసాండర్ అంటే ఏథెన్స్ నౌకాదళాన్ని ఈగోస్‌పోటమై దగ్గర ఒక్క మధ్యాహ్నంలో పట్టేసిన స్పార్టా సేనాని. ఆ యుద్ధానికి ముందు లాంప్సకస్‌ను పట్టుకున్నాడు. తర్వాత బైజాంటియం అతనికి తలుపులు తెరిచింది. చివరిదాకా ఏథెన్స్‌ను అంటిపెట్టుకుని ఉన్న సామోస్ ముట్టడికి లొంగింది. ఎఫెసస్ మొదటినుంచీ అతని స్థావరం. అక్కడే ఓడలు కట్టించాడు, అక్కడే తన మనుషులను పోగుచేసుకున్నాడు. గెలిచాక డెల్ఫీలో పెట్టించిన విజయ శిల్పాల వరుసలో దేవతల పక్కన రోడ్స్, క్నిడస్, ఎఫెసస్‌ల ఓడ నాయకులకు కూడా విగ్రహాలు వేయించాడు. నాణేల జాబితాలో ఉన్న నగరాలు ఒకే సమయంలో, ఒకే మనిషి వెనక వరుసగా నిలబడిన కాలం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇక హెరాక్లీస్ సంగతి. స్పార్టా రాజవంశాలు రెండూ తమను హెరాక్లీస్ సంతతిగా చెప్పుకునేవి. లైసాండర్ రాజు కాకపోయినా అతని తండ్రిదీ హెరాక్లీస్ వంశమేనని ప్లూటార్క్ చెబుతాడు. బతికుండగానే గ్రీకు నగరాలు బలిపీఠాలు కట్టిన మొదటి గ్రీకు అతనేనట. సామోస్ వాళ్లు తమ హీరా దేవి ఉత్సవాన్ని లైసాండర్ ఉత్సవమని పిలుచుకున్నారు. అలాంటివాణ్ని పొగడాలనుకున్న నగరాలకు ఆ వంశకర్త బొమ్మకన్నా మంచిది ఏం దొరుకుతుంది? థీబ్స్ కూడా 404లో స్పార్టాకు శత్రువు కాదు, మిత్రుడే. ఆ బొమ్మ థీబ్స్‌ది కాబట్టి అది స్పార్టా వ్యతిరేకమన్న వాదన అక్కడే బలం కోల్పోతుంది.

దీనికి తోడు డబ్బు సంగతి ఒకటుంది. దాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు, నాకు మాత్రం అదే కీలకమనిపిస్తుంది. స్పార్టాకు సొంత వెండి నాణెం లేదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అరియస్ రాజు వచ్చేదాకా అది వెండి ముద్రించలేదు. 404లో లైసాండర్ స్వదేశానికి పంపిన సొమ్ములో చాలా భాగం ఏథెన్స్ గుడ్లగూబలే. ఆ సంచులను తీసుకెళ్లిన గిలిప్పోస్ దారిలో సంచుల అడుగు కుట్లు విప్పి కొంత తీసుకుని మళ్లీ కుట్టేశాడు. ప్రతి సంచిలోనూ ఎంత ఉందో రాసిన చీటీ ఉందని అతనికి తెలియదు. లెక్క తేలక అధికారులు తికమక పడుతుంటే, మా దొర ఇంటి పెంకుల కింద గుడ్లగూబలు చాలా కాపురముంటున్నాయని పనివాడు సూచనగా చెప్పాడట. సిసిలీలో ఏథెన్స్ సేనను మట్టుబెట్టిన వీరుడు దొంగగా ఊరు విడిచిపోయాడు. స్పార్టా పెద్దలకు వెండి అంటే ఎంత భయమో ఆ తర్వాత చేసిన కట్టుబాటులో కనిపిస్తుంది: రాజ్యం ఖర్చుకు తప్ప వ్యక్తులెవరూ వెండి దాచుకోకూడదు.

సొంత నాణెం లేదు, కానీ ఇప్పుడు చేతికింద ఒక సామ్రాజ్యం ఉంది. ఓడల్లో తెడ్డు వేసేవాళ్లకు కూలి ఇవ్వాలి, కోటల్లో దండుకు జీతాలివ్వాలి. స్పార్టా తన కొత్త మిత్రుల నుంచి ఏటా వెయ్యి టాలెంట్లకు పైగా కప్పం రాబట్టిందని డయోడోరస్ రాశాడు. శత్రువు గుడ్లగూబలతో ఎంతకాలం నడిపిస్తారు? నాణెం ముద్రించడం తెలిసిన తీర నగరాలే ఆ పని చేసిపెట్టాలి. అందరి డబ్బూ ఒకే తూకంలో ఉంటే లెక్క సులువు. పైన గుర్తుంచుకోమన్న తూకం ఇక్కడ అతుకుతుంది: రోడ్స్‌లో మూడు ద్రాక్మాలు, పెలొపొన్నీస్ వాడి చేతిలో దాదాపు రెండు. నా మొగ్గు కార్వీజె వైపే. ఈ కూటమి నగరాల స్వేచ్ఛా గీతం కాదు, కొత్త యజమాని ఖజానాకు అవసరమైన ఏర్పాటు. దానికి స్వేచ్ఛ తొడుగు తొడిగారు.

అలాగని ఎదుటి పక్షాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఈ నగరాల మనసు ఎటుందో చెప్పడం ఎంత కష్టమో పాసానియాస్ అనే యాత్రికుడు చూపించాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆయన గ్రీసు అంతా తిరిగి చూసినవి రాసుకున్నాడు. లైసాండర్ గెలిచినప్పుడు ఎఫెసస్ వాళ్లు ఆర్టెమిస్ గుడిలో అతని విగ్రహం పెట్టారు. పదేళ్లకు కొనోన్ గెలవగానే అదే గుడిలో కొనోన్ విగ్రహమూ పెట్టారు. సామోస్ వాళ్లూ అంతే: మొదట ఏథెన్స్ సేనాని ఆల్సిబయడీస్‌కు, తర్వాత లైసాండర్‌కు, ఆపై కొనోన్‌కు విగ్రహాలు. అయోనియన్ల ఈ తీరును పాసానియాస్ రెండు గోడలకూ రంగు వేయడం అన్న సామెతతో పోల్చాడు. నన్నడిగితే వాళ్లను నిందించలేం. ఏథెన్స్, స్పార్టా, పర్షియా అనే మూడు పెద్ద ఏనుగుల కాళ్ల మధ్య బతికిన ఊళ్లవి. పాలకుడు మారిన ప్రతిసారీ గడప దగ్గర కొత్త విగ్రహం పెట్టడం వాళ్ల ప్రాణరక్షణ.

ఇలాంటి తగవు తేల్చగలిగేది లంకెబిందెలే. ఎవరో ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు కుండలో నాణేలు పోసి పాతిపెట్టారు, తిరిగి రాలేదు. ఆ కుండలో ఏ నాణెం పక్కన ఏ నాణెం ఉంది, ఏది అరిగిపోయి ఉంది, ఏది నిన్న ముద్రించినట్టు మెరుస్తోంది అని చూసి పరిశోధకులు ముందువెనకలు కడతారు. కూటమి నాణేలు అసలే తక్కువ. వాటిలో చాలావరకు ఎక్కడ దొరికిందీ తెలియకుండా అమ్మకందారుల చేతులు మారి మ్యూజియాలకు చేరినవి. పుట్టిన చోటు తెలియని నాణెం సగం నోరు మూసుకున్న సాక్షి. తవ్వి తీసి, కుండను విడదీసి, విడివిడిగా అమ్ముకునేవాళ్లు చరిత్రకు చేసే నష్టం ఎంతటిదో ఈ ఒక్క తగవే చెబుతుంది.

కూటమి పేరు పైకి చెప్పుకున్న నాణెం సంగతి ఇది. పేరు చెప్పకుండా రెండు నగరాల గుర్తులు మాత్రం చూపించే నాణేలు ఇంతకు వందేళ్ల ముందే దక్షిణ ఇటలీలో ఉన్నాయి, అవి ఇంకా గజిబిజి పెడతాయి. అక్కడి గ్రీకు వలస నగరాలు పల్చటి, వెడల్పాటి వెండి నాణేలు వేసేవి. ఒకవైపు బొమ్మ ఉబ్బెత్తుగా, రెండోవైపు అదే బొమ్మ లోపలికి గుంటగా ఉంటుంది. క్రోటన్ గుర్తు మూడు కాళ్ల పీఠం, డెల్ఫీలో అపోలో పూజారిణి కూర్చునేది. సైబారిస్ గుర్తు తల వెనక్కి తిప్పి చూసే ఎద్దు. సైబారిస్ అంటే విలాసానికి మారుపేరు. అంతటి ఊరిని క్రీ.పూ. 510లో పొరుగున ఉన్న క్రోటన్ నేలమట్టం చేసింది. తన ఊరినుంచి పారిపోయిన శత్రువులను అప్పగించమని సైబారిస్ అడిగింది, శరణు కోరినవాళ్లను అప్పగించబోమని క్రోటన్ అంది. మల్లయోధుడు మైలో సింహచర్మం కప్పుకుని, గద పట్టుకుని హెరాక్లీస్ వేషంలో సేనను నడిపించాడు. గెలిచాక క్రాతిస్ నది దారి మళ్లించి ఊరి మీదికి వదిలారని స్ట్రాబో రాశాడు.

ఇప్పుడు ఒక నాణెం తీసుకోండి: ఒకవైపు క్రోటన్ పీఠం, వెనకవైపు గుంటగా సైబారిస్ ఎద్దు. రెండు వైపులా రెండు ఊళ్ల పొడి అక్షరాలు. పాత పుస్తకాలు దీన్ని చూసి ఇద్దరి స్నేహానికి గుర్తు అన్నాయి. ఇది 510 తర్వాతిదని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. అలాగైతే ఇందులో ఉన్నది కరచాలనం కాదు, మెడ మీద చేయి. శిథిలాల్లో మిగిలిన సైబారిస్ జనం క్రోటన్ నీడలో బతుకుతున్నారని ఆ ఎద్దు చెబుతోంది. టెమెసా అనే ఊరి శిరస్త్రాణం గుర్తు కూడా క్రోటన్ పీఠం వెనక ఇలాగే కనిపిస్తుంది. రెండు గుర్తులు ఒకే వెండి ముక్క మీద కలిశాయని సంబరపడే ముందు ఏది ముందువైపు ఉంది, ఏది వెనక ఉంది, ఆ పదేళ్లలో ఎవరి ఇల్లు తగలబడింది అని అడగాలి.

అదే ఎద్దు ఇంకోచోట నిజమైన స్నేహానికి గుర్తయింది. క్రీ.పూ. 453లో సైబారిస్ వారసులు ఊరిని మళ్లీ నిలబెట్టుకున్నారు. ఆ కొద్ది ఏళ్ల చిన్న వెండి నాణేల మీద ఒకవైపు త్రిశూలం ఎత్తిన పొసైడన్. అది ఉత్తరాన ఉన్న పొసైడోనియా నగరం గుర్తు. ఆ ఊరిని స్థాపించింది సైబారిస్ వాళ్లే. కూలిపోయిన తల్లి నగరానికి కూతురు నగరం అండగా నిలిచిందని ఏ గ్రంథమూ చెప్పలేదు, వేలిగోరంత వెండి ముక్కలే చెప్పాయి. క్రోటన్ ఊరుకోలేదు, ఆరేళ్లకు వాళ్లను మళ్లీ తరిమేసింది.

దీనికి పూర్తిగా ఎదురైన సందర్భం లెస్బోస్ దీవిలో ఉంది. అక్కడ నాణేలు నోరు మెదపవు, రాయి మాట్లాడుతుంది. మితిలీనీ నగరమూ, ఎదుటి తీరంలోని ఫొకయా నగరమూ చాలాకాలం బంగారం, వెండి కలిసిన లోహంతో రెండున్నర గ్రాముల బుల్లి నాణేలు వేశాయి. వాటి అందం అపారం. చిటికెన వేలి గోరు మీద నిలిచే ముఖాలను అంత సొగసుగా చెక్కినవాళ్లు ఎవరో మనకు తెలియదు. ఫొకయా నాణెం మీద తల కింద చిన్న సీల్ జంతువు ఉంటుంది. మితిలీనీ నాణెం మీద ఊరి గుర్తే లేదు. పక్కపక్కన పెట్టి చూసినా ఈ రెండు ఊళ్లకూ ఒప్పందం ఉందని కచ్చితంగా చెప్పలేం. క్రీ.పూ. 400 ప్రాంతపు ఒక శాసనం లెస్బోస్‌లో దొరికాకే గుట్టు తెలిసింది.

ఆ శాసనం చదువుతుంటే వ్యాపారుల జాగ్రత్త అంతా కళ్లకు కడుతుంది. ఒక ఏడాది ఒక ఊరు, మరో ఏడాది మరో ఊరు నాణేలు వేయాలి. మొదటి వంతు ఎవరిదో చీటీ వేసి తేల్చారు, మితిలీనీకి వచ్చింది. బంగారంలో వెండి కలిపే పనివాడు రెండు నగరాలకూ జవాబుదారీ. తప్పు జరిగితే అతను పనిచేసిన ఊళ్లోనే విచారణ. ఏడాది ముగిసిన ఆరు నెలల్లోగా విచారించాలి. కావాలని బంగారం తగ్గించాడని తేలితే మరణశిక్ష. పొరపాటున తగ్గిందని తేలితే ఏ శిక్ష వేయాలో న్యాయస్థానం నిర్ణయిస్తుంది. ఊరికి మాత్రం ఏ నిందా, జరిమానా ఉండదు. బంగారం, వెండి కలిసిన లోహంలో ఏది ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. అందుకే ఒకరి నాణెం ఇంకొకరి సంతలో చెల్లాలంటే నమ్మకానికి ఇంత కాపలా పెట్టవలసి వచ్చింది. రాజుల యుద్ధ కూటములు పదేళ్లకు చెదిరిపోయిన చోట, ఈ బుల్లి నాణేలు అలెగ్జాండర్ కాలం దాకా నడిచాయి. పొత్తు అంటే ఏమిటో నాకు బాగా తెలిసేలా చెప్పింది లైసాండర్ కాదు, ఈ లోహం కలిపేవాడి మెడ మీద వేలాడిన కత్తి.

కొన్నిచోట్ల నగరాలు ఇంకా ముందుకు వెళ్లి తమ పేరునే వదులుకున్నాయి. ఉత్తర గ్రీసులో ఏథెన్స్ మీద తిరగబడిన కల్కిడికే ప్రాంతపు జనం క్రీ.పూ. 432లో తీరపు ఊళ్లు వదిలి ఒలింథోస్‌లో చేరారు. వాళ్ల కూటమి నాణెం ఒకవైపు లారెల్ ఆకుల దండ చుట్టిన అపోలో తల, మరోవైపు కితారా వాద్యం. చుట్టూ ‘కల్కిడియన్లది’ అన్న మాట. రోడ్స్ గులాబి, ఎఫెసస్ తేనెటీగ బొరుసు వైపు తమ చోటు నిలుపుకున్నట్టు ఇక్కడ ఏ ఊరూ నిలుపుకోలేదు. అది అందరికీ నచ్చలేదు. 382లో అకాంథోస్ దూతలు స్పార్టాకు పోయి, ఒలింథోస్ తమను బలవంతంగా కలుపుకోజూస్తోందని, తమ చట్టాలతో తమ ఊళ్లో బతకనివ్వమని మొరపెట్టుకున్నారు. అకాంథోస్‌కు సొంత నాణెం ఉంది: ఎద్దు మీద విరుచుకుపడే సింహం. దాన్ని వదులుకోవడానికి వాళ్లు సిద్ధంగా లేరు. స్పార్టా మూడేళ్లు పోరాడి కూటమిని రద్దు చేయించింది. అది మళ్లీ లేచింది.

తర్వాతి శతాబ్దాల్లో అకియన్ కూటమి మధ్యేమార్గం పట్టింది. జ్యూస్ తల, కూటమి పొడి అక్షరాలు అందరికీ ఒకటే. మూలన చిన్నగా ఎవరి గుర్తు వాళ్లది, కొరింత్‌కు రెక్కల గుర్రం, స్పార్టాకు కవల దేవతల టోపీలు. అందరికీ ఒకే చట్టాలు, ఒకే తూకాలు, ఒకే నాణెం అని తన కూటమిని చూసి చరిత్రకారుడు పాలిబియస్ పొంగిపోయాడు. ఆయన తండ్రి ఆ కూటమికి సేనాపతి. దాని కథ రోమన్ల భాగంలో వివరంగా చెప్పుకుందాం.

ఒలింథోస్ మాత్రం అంతదాకా బతకలేదు. పక్కనే మాసిడోనియాలో ఫిలిప్ రాజయ్యాడు. మొదట కల్కిడియన్లతో సంధి చేసుకున్నాడు. ఆ సంధి చెక్కిన రాయి ముక్కలు దొరికాయి. 348లో ఒలింథోస్‌ను కూల్చి జనాన్ని బానిసలుగా అమ్మాడు. అపోలో, కితారాల నాణెం అంతటితో ఆగిపోయింది. పదేళ్ల తర్వాత కైరోనియాలో ఏథెన్స్, థీబ్స్‌లను ఓడించి, 337లో కొరింత్‌లో గ్రీకు నగరాలన్నిటినీ ఒక కూటమిలో కూర్చోబెట్టాడు. స్పార్టా ఒక్కటే రానంది. గ్రీకులు అప్పటిదాకా చూసిన కూటముల్లో అదే పెద్దది. దాని ప్రమాణ వాక్యాలు చెక్కిన రాయి ఏథెన్స్‌లో దొరికింది, కానీ ఆ కూటమి పేరుతో ఒక్క నాణెమూ లేదు. ఆ ఏళ్లలో గ్రీసు అంతటా చేతులు మారిన కొత్త బంగారం మీద, వెండి మీద ఉన్న మాట ‘ఫిలిప్‌ది’.

(వచ్చే భాగం: పాంగయాన్ గనుల బంగారం)